సింగిల్ బోర్డు కంప్యూటరుకు వై-ఫై అమరిక: తిరువూరు ప్రాంతపు అవసరాలతో ఒక పరిచయం

ప్రాసెసర్, మెమరీ, డిస్‌ప్లే, యూఎస్‌బీ పోర్టులు అన్నీ ఒకే సర్క్యూట్ బోర్డు మీద ఇమిడి, లైనక్స్ వంటి పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపగల చిన్న కంప్యూటరును సింగిల్ బోర్డు కంప్యూటర్ అంటారు. అరచేతిలో పట్టే ఈ బోర్డును మానిటరు, కీబోర్డు లేకుండానే ఏదో ఒక మూల బిగించి, దూరం నుంచి ఫోనుతోనో ల్యాప్‌టాప్‌తోనో పని చేయించుకోవడం మామూలు. కాబట్టి దానికి నెట్‌వర్కే ప్రాణం. నెట్‌వర్క్ తెగితే బోర్డు నడుస్తూనే ఉన్నా మనకు అందదు.

ఎన్టీఆర్ జిల్లాలో, ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, ఖమ్మం జిల్లా సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం తిరువూరు. ఊళ్లో శ్లాబు ఇళ్లు, ఊరు దాటితే మామిడి తోటలు, పత్తి, మిర్చి చేలు. ఊళ్లో వై-ఫైకి అడ్డం గోడలు, శ్లాబులు, పక్కింటి రూటర్లు. తోటలో అడ్డం దూరం, ఆకు, కరెంటు. బోర్డులో కొట్టే కమాండ్లు రెండు చోట్లా ఒకటే. పని నిలవడం, నిలవకపోవడం మాత్రం ఈ అడ్డంకులను ముందే లెక్కలోకి తీసుకున్నామా లేదా అన్నదాని మీదే ఉంటుంది.

బోర్డుల్లోకి వై-ఫై వచ్చిన తీరు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ కేంద్రంగా పుట్టిన రాస్ప్‌బెరీ పై మొదటి బోర్డు 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చింది. అందులో వై-ఫై లేదు. నెట్‌వర్క్ కేబుల్ పెట్టుకోవాలి, లేదా యూఎస్‌బీ డాంగిల్ కొనుక్కోవాలి. ఆ డాంగిళ్లతో జనం పడిన అవస్థ అంతా ఇంతా కాదు. పెట్టె మీద ఒకే కంపెనీ పేరు, ఒకే మోడల్ నంబరు ఉన్నా లోపల చిప్ మారిపోయేది. ఒక చిప్‌కు లైనక్స్‌లో డ్రైవర్ సిద్ధంగా ఉంటే, ఇంకోదానికి సోర్స్ కోడ్ తెచ్చి సొంతంగా కంపైల్ చేసుకోవాల్సి వచ్చేది. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ మొదటికి.

2016 ఫిబ్రవరి 29న వచ్చిన రాస్ప్‌బెరీ పై 3తో వై-ఫై, బ్లూటూత్ బోర్డు మీదికే వచ్చాయి. అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో మాత్రమే పనిచేసేది. మరుసటి ఏడు రాస్ప్‌బెరీ పై జీరో డబ్ల్యూ 10 డాలర్లకు అదే సౌకర్యం ఇచ్చింది. 2018 మార్చిలో వచ్చిన 3బీ ప్లస్‌తో 5 గిగాహెర్ట్జ్ కూడా చేరింది. 2019లో పై 4, 2023లో పై 5 రెండు బ్యాండులతోనూ వచ్చాయి. 2021లో వచ్చిన జీరో 2 డబ్ల్యూ మాత్రం 2.4కే పరిమితం. ఆరెంజ్ పై, బనానా పై కుటుంబాల్లో కొన్ని బోర్డులకు వై-ఫై ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొనేముందు మోడల్ పేరు చివరి అక్షరం దాకా చదవాలి. ఈఎస్‌పీ8266 (2014), ఈఎస్‌పీ32 (2016), పైకో డబ్ల్యూ (2022) ఇంకా చిన్నవి. వీటిని మైక్రోకంట్రోలర్లు అంటారు, ఇవి లైనక్స్ నడపవు. నేల తేమ కొలవడం, మోటారు రిలే వేయడం వంటి ఒక్క పనికైతే ఇవే చవక, ఇవే మేలు.

పై 5 వంటి బోర్డును హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా, ముందుగా అడగవలసింది వేగం గురించి కాదు, బ్యాండు గురించి. ఇంటి రూటర్ 5 గిగాహెర్ట్జ్‌లో మాత్రమే పేరు ప్రసారం చేస్తుంటే పై 3కి గానీ జీరో 2 డబ్ల్యూకి గానీ అది కనిపించనే కనిపించదు. ఫోన్ హాట్‌స్పాట్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌ను ఎంచుకుని కూర్చుంటే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు సరిచూసుకున్నా లాభం లేదు. ఫోన్ సెట్టింగుల్లో హాట్‌స్పాట్ బ్యాండును 2.4కు మార్చాలి.

దేశం పేరు ఎందుకు అడుగుతుంది

కొత్తగా బోర్డు పెట్టినవారిని ఎక్కువగా తికమక పెట్టేది ఇది. రాస్ప్‌బెరీ పై ఆపరేటింగ్ సిస్టమ్‌లో వై-ఫై దేశం ఏదో చెప్పేదాకా రేడియోను సాఫ్ట్‌వేరే ఆపి ఉంచుతుంది. ఆర్ఎఫ్‌కిల్ వల్ల వై-ఫై ఆగి ఉందని తెర మీద ఒక వాక్యం కనిపిస్తుంది. దాన్ని చూసి చిప్ పాడైందనుకుని బోర్డు వాపసు పంపేవాళ్లూ ఉన్నారు. రాస్పీ-కాన్ఫిగ్ అనే మెనూలో, ప్రాంతీయ సెట్టింగుల కింద, వైర్‌లెస్ దేశంగా ఇండియాను ఎంచుకుంటే రేడియో తెరుచుకుంటుంది.

ఇది లాంఛనం కాదు. రేడియో తరంగాలు ఏ దేశానికి ఆ దేశపు చట్టంలో ఉంటాయి. మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవడానికి అనుమతించారు. ట్రాన్స్‌మిటర్ శక్తి 1 వాట్, యాంటెన్నా బలం కలుపుకుని 4 వాట్లు దాటకూడదు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో పెద్ద భాగాన్ని 2018 అక్టోబరులో ఆరుబయట కూడా వాడుకునేలా తెరిచారు. దేశం అమెరికా అని ఉన్న బోర్డుకు 12, 13 చానెళ్లు కనిపించవు. మన రూటర్ ఆ చానెల్ ఎంచుకుందంటే ఇల్లంతా ఫోన్లు కలిసినా బోర్డు ఒక్కటే కలవదు.

అమరిక

నేడు సులువైన దారి మెమరీ కార్డు రాసేటప్పుడే అన్నీ చెప్పేయడం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కార్డు మీదికి ఎక్కించే ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాం బోర్డు పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్, వై-ఫై పేరు, దాని పాస్‌వర్డ్, దేశం, టైమ్ జోన్ అన్నీ అడుగుతుంది. దూరం నుంచి లాగిన్ అవడానికి కావలసిన ఎస్ఎస్‌హెచ్‌ను కూడా అక్కడే ఆన్ చేయవచ్చు. కార్డు బోర్డులో పెట్టి కరెంటు ఇస్తే, మొదటిసారి లేచేటప్పుడే వై-ఫైలో కలుస్తుంది. అదే నెట్‌వర్క్‌లో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి బోర్డు పేరు చివర చుక్క పెట్టి లోకల్ అని చేరిస్తే చాలు, అంకెల చిరునామా వెతుక్కోకుండానే లాగిన్ అవవచ్చు. ఆ పేరు పని చేయకపోతే రూటర్ పేజీలో కలిసి ఉన్న పరికరాల జాబితా చూడాలి.

పాత పుస్తకాలు, పాత వీడియోలు చెప్పే పద్ధతి వేరు. డబ్ల్యూపీఏ సప్లికెంట్ పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి, కార్డులోని బూట్ విభాగంలో పెట్టమంటాయి. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ విడుదలతో ఈ దారి మూసుకుపోయింది. నెట్‌వర్క్ బాధ్యత అంతా నెట్‌వర్క్ మేనేజర్ అనే ప్రోగ్రాం చేతికి వెళ్లింది. తెలుగులో దొరికే పాఠాల్లో చాలా వాటికి ఈ మార్పు ఇంకా అందలేదు. కాబట్టి ఏ పాఠమైనా 2023కి ముందుదా, తర్వాతదా అని చూసుకుని మొదలుపెట్టాలి.

ఇప్పటికే నడుస్తున్న బోర్డులో వై-ఫై కలపాలంటే ఎన్ఎంటీయూఐ అనే ప్రోగ్రాం హాయిగా ఉంటుంది. నల్ల తెర మీదే మెనూ వస్తుంది, బాణం మీటలతో కదులుతూ పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టడమే. టైపు చేయడం అలవాటైనవారు ఎన్ఎంసీఎల్ఐ వాడతారు. దానితో చుట్టూ ఉన్న నెట్‌వర్కుల జాబితా, ఒక్కోదాని చానెల్, బలం వరుసగా కనిపిస్తాయి. సేవ్ చేసిన ప్రతి నెట్‌వర్కూ ఒక ఫైలుగా డిస్కు మీద ఉంటుంది. అందులో పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే ఉండవచ్చు కాబట్టి ఆ ఫైళ్లను రూట్ యూజర్ తప్ప ఇంకెవరూ చదవకుండా అనుమతులు పెట్టి ఉంటాయి. వాటిని మార్చకూడదు.

వై-ఫై పేరు తెలుగులో పెట్టుకోవచ్చా అని అడుగుతుంటారు. పెట్టుకోవచ్చు. ప్రమాణం ప్రకారం పేరుకు 32 బైట్లు మాత్రమే చోటుంది. తెలుగులో ఒక్కో హల్లుకు, ఒక్కో గుణింతపు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. తిరువూరు అన్న పేరుకు 24 బైట్లు సరిపోతాయి. పక్కన ఇంకో చిన్న పదం చేర్చాలంటే చోటు చాలదు. పాస్‌వర్డ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, గుర్తులతో 8 నుంచి 63 దాకా ఉండాలి. పాతకాలపు ప్రింటర్లు, సీసీ కెమెరాలు తెలుగు పేరు చూసి తడబడతాయి కనుక, వాటిని కూడా కలపాల్సి ఉంటే ఇంగ్లీషు పేరే నయం.

కరెంటు పోయి వచ్చాక ఏమవుతుందో ముందే ఆలోచించుకోవాలి. బోర్డు, రూటర్ రెండూ ఒకేసారి లేస్తాయి. రూటర్ ఇంకా చిరునామాలు పంచడానికి సిద్ధం కాకముందే బోర్డు అడగడం మొదలుపెడితే విఫలమవుతుంది. నెట్‌వర్క్ మేనేజర్ మామూలుగా నాలుగు సార్లు ప్రయత్నించి కొంతసేపు ఆగుతుంది. ఆ సంఖ్యను సున్నా చేస్తే, కలిసేదాకా ప్రయత్నించమని అర్థం. వై-ఫై చిప్ కరెంటు ఆదా చేసే పద్ధతిని కూడా ఆపేయడం మంచిది. లేకపోతే పని లేనప్పుడు రేడియో కునుకు తీసి, మనం పిలిచినప్పుడు ఆలస్యంగా పలుకుతుంది.

గడియారం సంగతి చాలామందికి తట్టదు. పై 5కు ముందు వచ్చిన రాస్ప్‌బెరీ పై బోర్డుల్లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. కరెంటు వచ్చాక ఇంటర్నెట్ అందేదాకా బోర్డు ఆగిపోయిన నాటి సమయంలోనే ఉంటుంది. తేదీ తప్పుగా ఉంటే భద్రతా సర్టిఫికెట్లు చెల్లక వెబ్‌సైట్లు తెరుచుకోవు. వై-ఫై పని చేయడం లేదనుకుని దాన్ని కెలుకుతాం. డీఎస్3231 అనే చిన్న గడియారపు మాడ్యూల్ తగిలిస్తే ఈ తిప్పలు తప్పుతాయి.

అడాప్టరు, వేడి, యాంటెన్నా

వై-ఫై తెగిపోతోందన్న ఫిర్యాదుల్లో పెద్ద వాటా నిజానికి అడాప్టరుదే అని నా నమ్మకం. పై 3కి 5 వోల్టుల దగ్గర 2.5 ఆంపియర్లు, పై 4కు 3, పై 5కు 5 ఆంపియర్లు ఇచ్చే అడాప్టరు కావాలని తయారీదారే చెబుతాడు. పాత ఫోను చార్జరు, సన్నటి పొడుగాటి కేబుల్ పెడితే రేడియో ప్రసారం మొదలైన క్షణాన వోల్టేజీ పడిపోతుంది. 4.63 వోల్టుల ప్రాంతానికి దిగితే తెర మీద మెరుపు గుర్తు కనిపిస్తుంది. తెర లేని బోర్డుకు ఆ గుర్తు ఎవరు చూస్తారు? సిస్టమ్ లాగ్‌లో తక్కువ వోల్టేజీ హెచ్చరిక ఉందేమో వెతకాలి. వై-ఫై సెట్టింగులు ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది.

వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు కింద, మూసిన పెట్టెలో ఇంకా ఎక్కువ. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. హీట్‌సింక్, గాలి ఆడే పెట్టె ఉండాలి. ఐతే పెట్టె లోహంతో చేసింది కాకూడదు. జీరో డబ్ల్యూ మొదలుకుని రాస్ప్‌బెరీ పై బోర్డుల యాంటెన్నా విడిగా నిలబడి ఉండదు. స్వీడన్‌కు చెందిన ప్రోయాంట్ కంపెనీ నమూనాతో, బోర్డు అంచున రాగి పొరలో వదిలిన ఖాళీయే యాంటెన్నాగా పనిచేస్తుంది. దాని మీద ఇనప పెట్టె మూస్తే సిగ్నల్ లోపలే ఉండిపోతుంది. ఇనప రేకు గోడకు ఆనించి బిగించినా అంతే.

2.4 గిగాహెర్ట్జ్‌కు ఇంకో శత్రువు యూఎస్‌బీ 3. ఆ పోర్టులు, కేబుళ్లు అదే బ్యాండులో రేడియో రొద చేస్తాయని ఇంటెల్ 2012లోనే వివరంగా ప్రచురించింది. పై 4కు బాహ్య హార్డ్‌డిస్కు తగిలించగానే వై-ఫై మందగిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. మంచి షీల్డు ఉన్న కేబుల్ వాడి డిస్కును కాస్త దూరం జరపడం, లేదా 5 గిగాహెర్ట్జ్‌కు మారడం దీనికి మందు.

సిగ్నల్ బలాన్ని డీబీఎంలో, రుణ సంఖ్యగా చూపిస్తారు. రుణం 50 బాగున్నట్టు, 67 దాకా పర్వాలేదు, 80కి పోతే నమ్మకం లేదు. ఊళ్లో ఎక్కువ రూటర్లున్న వీధిలో చానెల్ 1, 6, 11లలో తక్కువ రద్దీ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. మధ్యలోని చానెళ్లు రెండు వైపుల వారికీ అడ్డం పడతాయి.

తోట దాకా వై-ఫై

ఇంటి దగ్గర ఫైబర్ కనెక్షన్ ఉంది, కిలోమీటరు దూరంలో తోట ఉంది, అక్కడ ఒక బోర్డు, కెమెరా, మోటారు స్టార్టరు. ఇది ఈ ప్రాంతంలో సహజంగా వచ్చే కోరిక. బోర్డు మీది చిన్న యాంటెన్నా దీనికి చాలదు. రెండు చివర్లా దిశ చూపే యాంటెన్నాలున్న ఆరుబయటి రేడియో పెట్టెలు బిగించి, తోటలో ఆ పెట్టె నుంచి బోర్డుకు కేబుల్ ఇవ్వాలి.

ఇక్కడ లెక్క తప్పనిసరి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడితే చాలదు. ఆ గీత చుట్టూ కొంత చోటు ఖాళీగా ఉండాలి. దాన్ని ఫ్రెనెల్ జోన్ అంటారు. కిలోమీటరు దూరానికి నడిమధ్యన దాని వ్యాసార్ధం సుమారు 5.6 మీటర్లు. అందులో కనీసం అరవై శాతం, అంటే 3.4 మీటర్ల దాకా అడ్డు లేకుండా చూడాలి. కాబట్టి మామిడి చెట్టు కొసకు సమానంగా పైపు పాతితే లాభం లేదు, దాని మీద ఇంకా మూడు నాలుగు మీటర్లు లేవాలి. ఆకుల్లోని నీరు ఈ తరంగాలను మింగుతుంది. ఎండాకాలంలో పని చేసిన లింకు వర్షాలకు కొత్త ఆకు నిండాక కుంటుపడడానికి కారణం ఇదే. ఎత్తు పైపుకు ఎర్తింగ్, పిడుగు నుంచి రక్షణ తప్పక ఉండాలి.

ఈ విషయంలో తెలుగు నేలకు ఆదర్శమైన అనుభవం ఒకటుంది. బైర్రాజు ఫౌండేషన్ పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల మధ్య అశ్విని పేరుతో దూరపు వై-ఫై లింకుల నెట్‌వర్క్‌ను నడిపింది. పల్లెల్లో వీడియో ద్వారా చదువు, వైద్య సలహా అందించడం దాని ఉద్దేశం. ఆ అనుభవాన్ని పరిశోధకులు భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2007లో ఐఈఈఈ కమ్యూనికేషన్స్ పత్రికలో వ్యాసంగా రాశారు. గదిలో వాడుకోవడానికి పుట్టిన వై-ఫైని ఊరి నుంచి ఊరికి సాగదీస్తే ఏమవుతుందో వారి పరిశోధనలు చూపాయి. రేడియో చవకే, దాన్ని మోసే టవరే ఖరీదు. టవర్ల ఎత్తును, లింకుల అమరికను లెక్క కట్టి ఖర్చు తగ్గించడమే అసలు ఇంజినీరింగ్. తమిళనాడులోని తేనిలో అరవింద్ కంటి ఆసుపత్రి కోసం బర్క్‌లీ విశ్వవిద్యాలయ బృందం ఇదే తోవలో, చవకైన సింగిల్ బోర్డు రూటర్లతో, గ్రామ కేంద్రాల రోగులను డాక్టరుకు వీడియోలో చూపించింది.

దూరం పెరిగితే ఇంకో చిక్కు వస్తుంది. ప్రతి ప్యాకెట్ అందిందని అవతలివైపు నుంచి జవాబు రావాలి. 20 కిలోమీటర్లు పోయి రావడానికి తరంగానికి దాదాపు 133 మైక్రోసెకన్లు పడుతుంది. మామూలు వై-ఫై అంతసేపు ఆగదు, ప్యాకెట్ పోయిందనుకుని మళ్లీ పంపుతుంది. అందుకే దూరపు రేడియోల్లో దూరం ఎంతో సెట్ చేసే అవకాశం ఇస్తారు. కిలోమీటరు రెండు కిలోమీటర్ల తోటకు కూడా అది నింపడం మరవకూడదు.

బోర్డే రూటర్ అయితే

నెట్‌వర్క్ మేనేజర్‌లో హాట్‌స్పాట్ అని ఒక్క మాట చెబితే బోర్డే వై-ఫై పంచుతుంది. ఇంటర్నెట్ లేకపోయినా, బడిలో ఒక గదిలోని పిల్లలు పాఠాలు, తెలుగు వికీపీడియా నకలు చదువుకునేలా చేయవచ్చు. ఒకేసారి పదిమందికి మించితే బోర్డు రేడియో ఆయాసపడుతుంది, అప్పుడు చిన్న రూటరును కేబుల్‌తో తగిలించడమే సరి. అమెరికా న్యాయ ఆచార్యుడు ఎబెన్ మొగ్లెన్ 2010లో ఇచ్చిన ప్రసంగం నుంచి పుట్టిన ఫ్రీడమ్‌బాక్స్ ఇలాంటి బోర్డులను సొంత సర్వర్లుగా మార్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మన స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు దాన్ని తెలంగాణ పల్లెల్లో వై-ఫై పంచడానికి వాడారు. ఫ్రీడమ్‌బాక్స్ అభివృద్ధికి నాయకత్వం వహిస్తున్నవారిలో అడపా సునీల్ మోహన్ మన తెలుగువాడు.

ఇంటర్నెట్ వైపు చూస్తే, ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమై, మొదట్లో నెలకు 149 రూపాయల ప్లానుతో పల్లెలకు చేరింది. ఐతే ఇంటర్నెట్ సంస్థలు చాలావరకు ఒకే చిరునామాను ఎందరికో పంచుతాయి. కాబట్టి విజయవాడలో కూర్చుని తిరువూరు తోటలోని బోర్డును నేరుగా పిలవడం కుదరకపోవచ్చు. రూటర్‌లో పోర్టులు తెరవడంతో కుస్తీ పట్టే బదులు వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ పెట్టుకోవడం సులువు, భద్రం కూడా. 2022 ఏప్రిల్ దాకా రాస్ప్‌బెరీ పై కార్డులన్నీ ఒకే యూజర్ పేరు, ఒకే పాస్‌వర్డుతో వచ్చేవి. అంతకు ముందు బిగించిన పాత బోర్డు ఎక్కడైనా ఇంకా నడుస్తుంటే ఈరోజే మార్చండి.

కేబుల్ పోయే చోటికి కేబులే వేయాలి. పోని చోటికే వై-ఫై. ఇక బోర్డు బిగించే ఇంజినీరింగ్ విద్యార్థులకు, నెట్ పని చేసే కుర్రాళ్లకు ఒక విన్నపం: దాన్ని రోజూ చూసుకునేది మీరు కాదు, తోట కాపలాదారో, బడి అటెండరో. బోర్డు పేరు, అది కలిసే వై-ఫై పేరు, అడాప్టరు ఎన్ని ఆంపియర్లదో, కరెంటు వచ్చాక ఎన్ని నిమిషాలు ఆగి చూడాలో, అప్పటికీ రాకపోతే ఏ వైరు తీసి పెట్టాలో, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసి పెట్టె మూత లోపల అంటించి రండి.